పోర్టు అంటే గేటనుకున్నాను

(ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు, మైకులో గాలి చప్పుడే వినబడుతోంది. ఆ, సరే.

ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. విశాఖపట్నంలో పుట్టినవాళ్లు అది ఇంగ్లీషు మాట అని తెలియకుండానే నేర్చేసుకుంటారు. పోర్టు. పోర్టు ఆసుపత్రి అంటాం, పోర్టు స్టేడియం అంటాం, పోర్టు క్వార్టర్స్ అంటాం, వాళ్లబ్బాయికి పోర్టులో ఉద్యోగం వచ్చిందట అంటాం. ఎప్పుడైనా ఒక్క నిమిషం ఆగి, అసలు పోర్టు అంటే ఏమిటి అని అనుకున్నామా?

నేను అనుకున్నాను, అదీ చిన్నప్పుడే. మా నాన్న పోర్టులో కళాసీ. మధ్యాహ్నం నేనూ మా అక్కా క్యారేజీ పట్టుకుని వెళ్లేవాళ్లం. పిల్లల్ని లోపలికి రానివ్వరు కదా, గేటు దగ్గరే నిలబడాలి. కాపలా ఆయన "ఏటిరా గుంటడా, ఎవలి కోసం?" అని అడిగేవాడు, రోజూ చూస్తూనే రోజూ అడిగేవాడు. మేం నాన్న పేరు చెప్పేవాళ్లం. లోపల ఓడలుంటాయని విన్నాను కానీ నాకు కనిపించేది గేటు. లారీలు వెళ్లేది గేటులోంచి, నాన్న వచ్చేది గేటులోంచి. అంచేత నా మనసులో పోర్టు అంటే గేటు. స్కూల్లో టీచరుగారు పోర్టు అంటే ఓడరేవు అని బోర్డు మీద రాస్తే, ఈవిడకి తెలియదు పాపం, ఎప్పుడూ అటు వెళ్లి ఉండరు అనుకున్నాను.

తర్వాత చాలా ఏళ్లకి, నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక, ఒక రోజు పెద్ద డిక్షనరీలో ఈ మాట తీశాను. ఒక్క చోట లేదు. పోర్టు అనే మాటకి విడివిడిగా నాలుగైదు చోట్ల అర్థాలిచ్చారు. ఓడరేవు ఒకటి. ఓడకి ఎడమ పక్క ఒకటి. ఒక రకం ద్రాక్షసారా ఒకటి. మోయడం, పట్టుకోవడం ఒకటి. ఇంకోటి ఏమిటో చెప్పనా? గేటు. కోట గుమ్మం, ద్వారం. నిజంగా రాసి ఉంది. స్కాట్లండులో పాత ఊళ్ల కోటగుమ్మాలకి పోర్టు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఎనిమిదేళ్ల పిల్లాడిగా నేను అనుకున్నది తప్పు కాదన్నమాట.

ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదల్లేదు.

సంగతి ఏమిటంటే, లాటిన్‌లో మూడు మాటలున్నాయి. పోర్టుస్ అంటే ఓడరేవు. పోర్టా అంటే ద్వారం. పోర్టారే అంటే మోసుకెళ్లడం. ఈ మూడూ ఒక కడుపున పుట్టినవే. మూడింటికీ వెనక ఒక పాత ధాతువు ఉంది, యూరపు భాషల్నీ సంస్కృతాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి పండితులు కట్టిన రూపం అది, పెర్ అని రాస్తారు. దాని అర్థం దాటడం. నీళ్లు దాటేచోటు రేవు, గోడ దాటేచోటు గుమ్మం, ఒక వస్తువుని ఇటునుంచి అటు దాటించడం మోత. అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రోమన్లకి దీనికో దేవుడు కూడా ఉన్నాడు. పోర్టూనుస్ అని పేరు. గుమ్మాలకీ తాళంచెవులకీ ఆయనే, ఓడరేవులకీ ఆయనే. ఆగస్టు 17న ఆయనకి పండగ చేసేవారు. రోములో టైబర్ నది పక్కన ఆయన గుడి ఇప్పటికీ నిలబడి ఉంది. గుమ్మానికీ రేవుకీ ఒకే దేవుడేమిటి అని మొదట వింతగా అనిపిస్తుంది. మన ఊళ్లో ఉన్నవాళ్లకి వింతగా ఎందుకుండాలి? ఒకసారి మన ఓడలు లోపలికి ఎలా వస్తాయో తలుచుకోండి. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ. ఇటు పక్క మూడు చిన్న కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద కన్యమేరీ గుడి. ఆ సందులోంచి, ఇరుకు కాలవలోంచి, ఓడ లోపలికి వస్తుంది. అది గుమ్మం కాక ఏమిటి? 1933లో ఈ రేవు తెరిచారు, మధ్య భారతం నుంచి మాంగనీసు ఖనిజం ఓడలకెక్కించడానికి. మొదట్లో ఆ గుమ్మం దగ్గర అలల తాకిడి తట్టుకోవడానికి రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుగోడలా పెట్టారు. ఇంటి గుమ్మానికి అరుగు కట్టుకున్నట్టు.

ఇంకా విచిత్రం చెప్తాను. ఇప్పుడు మనం కూర్చున్న పేట పేరేమిటి? గట్టిగా చెప్పండి. ద్వారకానగర్. ద్వారక అంటే? ద్వారాలున్న ఊరు. మరి కృష్ణుడి ద్వారక ఎక్కడ ఉంది? సముద్రం ఒడ్డున, గుజరాత్‌లో. రేవుకి ద్వారం పేరు పెట్టుకోవడం రోమన్లకే కాదు, మనవాళ్లకీ తట్టింది. ద్వారం అనే మాట ఇంగ్లీషు డోర్‌కి చుట్టం, పోర్టుకి కాదు, అది వేరే ధాతువు. మాటలు వేరైనా ఆలోచన ఒకటే.

పట్నం అంటే

ఇంకొంచెం మన ఊరి సంగతి. లాటిన్ నుంచి పోర్టు ఇంగ్లీషులోకి చాలా ముందే వచ్చింది, ఇంగ్లీషు ఇప్పుడున్న రూపానికి రాకముందే. పాత ఇంగ్లీషులో పోర్ట్ అంటే ఓడరేవు, దాంతోపాటు ఊరు కూడా. బజారున్న ఊరు, సరుకు మారే ఊరు. పోర్ట్‌స్మత్, న్యూపోర్ట్ అన్న పేర్లు విన్నారు కదా.

మన దగ్గర? ఒడ్డు వెంబడి పైనుంచి కిందికి రండి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, కృష్ణపట్నం, ఇంకా కిందికి వెళ్తే నాగపట్నం. అన్నీ పట్నాలే. అన్నీ రేవులే. తెలుగులో పట్నం అంటే ఊరు, పెద్ద ఊరు అని మాత్రమే చెప్పుకుంటున్నాం ఇప్పుడు. పక్కన తమిళంలో పట్టినం అంటే ఇప్పటికీ సముద్రం ఒడ్డున ఉన్న ఊరే. ఇంగ్లీషువాళ్ల పోర్ట్‌లో ఊరూ రేవూ ఎలా కలిసిపోయాయో మన పట్నంలోనూ అలాగే కలిసిపోయాయి. వైజాగ్ అని కురచ చేస్తే పోయేది ఆ రేవే. విశాఖ మిగిలినా పట్నం మిగలదు. నాకు ఆ విషయంలో బాధ ఉంది, దాచుకోను.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఇంగ్లీషు ఊళ్లలో పోర్ట్‌రీవ్ అని ఒక అధికారి ఉండేవాడు. చూశారా, పోర్టు, రేవు, రెండూ కలిసే ఉన్నాయి అని ఎవరైనా ఉత్సాహపడితే మాత్రం ఒప్పుకోకండి. ఆ రీవ్ అంటే పెత్తనం చేసే ఉద్యోగి. షెరిఫ్ అనే మాటలో చివర ఉన్నదీ అదే, షైర్‌కి రీవ్, జిల్లాకి అధికారి. మన రేవుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిపేస్తే మాటల చరిత్రంతా కట్టుకథ అయిపోతుంది. అలాగే పోర్ట్రెయిట్, పోర్షన్ అన్నవి కూడా మన పోర్టు సంతానం కాదు. ఇంటి పైపోర్షన్ అద్దెకిచ్చినవాళ్లు పోర్టువాళ్లే అయినా సరే.

గాలి

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట. ఆపర్ట్యూనిటీ. పిల్లలు ఇంటర్వ్యూలకి వెళ్లేటప్పుడు రోజుకి పదిసార్లు అంటారు. అందులో ఎవరున్నారు? వినండి, ఆ-పర్ట్-యూనిటీ. మధ్యలో పోర్టే ఉంది. లాటిన్‌లో ఓబ్ పోర్టుమ్ అంటే రేవు వైపుకి. తెరచాప ఓడలకి ఇంజన్లు లేవు కదా. బయట సముద్రంలో రోజుల తరబడి పడి ఉండి, రేవు వైపుకి గాలి తిరిగితే లోపలికి వచ్చేవాళ్లు. అలా రేవు వైపుకి వీచే గాలిని అప్పోర్టూనుస్ అన్నారు. అంటే అనుకూలమైనది, సమయానికి వచ్చినది. దాని పిల్లే ఆపర్ట్యూనిటీ. ఇంపార్ట్యూన్ అని ఇంకోటి ఉంది, వేళాపాళా లేకుండా ప్రాణం తీయడం. అది దీనికి వ్యతిరేకం, రేవు దొరకనిది.

మన రైతు ఏమంటాడు? గాలి వచ్చినప్పుడే తూర్పారపట్టుకోవాలి అంటాడు. కళ్లంలో ధాన్యం చేటతో ఎత్తి పోస్తుంటే తాలు ఎగిరిపోయి గింజ కింద పడాలి. దానికి గాలి కావాలి, గాలి మన చేతిలో లేదు, వచ్చినప్పుడు మనం చేట పట్టుకుని సిద్ధంగా ఉండాలి. రోము నావికుడికీ శ్రీకాకుళం రైతుకీ అదను అంటే గాలే. ఒకరు నీళ్ల మీద, ఒకరు కళ్లంలో. ఏ డిక్షనరీ కలపకపోయినా ఈ రెండూ నా లెక్కలో ఒకే మాట.

మోత

సరే, మూడోది, మోయడం. ఇక్కడ జాబితా చదవడం మొదలుపెడితే పొద్దుపోతుంది. రైల్వే స్టేషన్లో పోర్టర్, మోసేవాడు. ఇంపోర్ట్, లోపలికి మోసుకురావడం. ఎక్స్‌పోర్ట్, బయటికి మోసుకెళ్లడం. మన దగ్గర బైలదిల్లా ఇనప ఖనిజం కొత్తవలస లైను మీద కొండలు దిగొచ్చి ఓడెక్కి జపాను వెళ్లింది చూశారా, అది అచ్చమైన ఎక్స్‌పోర్ట్. రిపోర్ట్ అంటే వెనక్కి మోసుకురావడం, అక్కడ చూసింది ఇక్కడికి మోయడం. మనం కూడా అంటాం కదా, వాడు ఇక్కడి మాటలు అక్కడికి మోస్తాడురా జాగ్రత్త అని. సపోర్ట్ అంటే కిందనుంచి మోయడం. పల్లకీకి భుజం పట్టడం ఎలాగో అలాగ. డిపోర్ట్, మోసుకెళ్లి దేశం బయట వదిలేయడం. పోర్ట్‌ఫోలియో అంటే కాగితాలు మోసే సంచి, మంత్రిగారికి ఇచ్చే శాఖని ఆ సంచి పేరుతోనే పిలుస్తున్నాం. ఇంపార్టెంట్ అంటే లోపల ఏదో మోస్తున్నది, బరువున్నది. మనకి కూడా గురు అంటే బరువు, గౌరవం దాన్నుంచే వచ్చింది. ముఖ్యమైనదాన్ని బరువుతో తూచడం అందరికీ ఉంది.

స్పోర్ట్ సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ముందు వరసలో ఇద్దరు పిల్లలు బ్యాట్ తెచ్చుకున్నారు, వాళ్ల కోసం. స్పోర్ట్ అసలు డిస్‌పోర్ట్. ముందు ముక్క అరిగిపోయి ఎస్ ఒక్కటే మిగిలింది. పాత ఫ్రెంచిలో దెస్పోర్తేర్ అంటే పక్కకి మోసుకెళ్లడం. దేన్ని? మనసుని. పనిలోంచి, దిగుల్లోంచి మనసుని కాసేపు పక్కకి మోసుకెళ్లేది ఆట. మనకి వినోదం అనే మాట ఉంది కదా, దాన్ని విప్పండి. వి, నుద్. నుద్ అంటే తోయడం, నెట్టడం. వినోదం అంటే దూరంగా నెట్టేయడం. దిగులుని నెట్టేస్తే వినోదం, మనసుని మోసుకెళ్తే స్పోర్ట్. ఇది కనిపించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎవరికి చెప్పాలో తెలియక మా ఆవిడని లేపి చెప్పాను.

ఇప్పుడు అసలైన మాట. ట్రాన్స్‌పోర్ట్. ఇక్కణ్ణుంచి నాలుగడుగుల్లో మన ఆర్టీసీ కాంప్లెక్స్. ఆర్టీసీలో టీ అంటే ట్రాన్స్‌పోర్ట్. లారీల మీద రాసి ఉంటుంది, రోజూ చూస్తాం. దీన్ని రెండు ముక్కలు చేద్దాం. ట్రాన్స్ అంటే అవతలికి, దాటి. సంస్కృతంలో తృ ధాతువు ఉంది, తరతి, దాటుతున్నాడు. తరించడం, తరణం, అవతారం, అన్నీ దాన్నుంచే. తీర్థం కూడా. తీర్థం అంటే మొదట ఏమిటనుకుంటున్నారు? నీళ్లు దాటడానికి వీలైన చోటు. రేవు! తీర్థయాత్ర అంటే రేవుల యాత్ర. ఈ తృకీ లాటిన్ ట్రాన్స్‌కీ మూలం ఒకటే.

ఇక రెండో ముక్క, పోర్ట్. దాని ధాతువు పెర్ అని చెప్పాను, దాటడం అని చెప్పాను, గుర్తుందా? సంస్కృతంలో దాని చుట్టం ఎవరు? పారం. పారం అంటే అవతలి ఒడ్డు. పారంగతుడు అంటాం, ఆ విద్యలో అవతలి ఒడ్డు చేరినవాడు. అపారం అంటాం, అవతలి ఒడ్డు లేనిది. పారావారం అంటే సముద్రం, ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ రెండూ ఉన్నది. మన బీచిరోడ్డులో నిలబడితే కనిపించేది ఒక్క ఒడ్డే, రెండోది ఉందని నమ్మినవాడు పెట్టిన పేరు అది.

అంటే లారీ వెనక ట్రాన్స్‌పోర్ట్ అని రాసి ఉంటే, అందులో మొదటి సగం తరించడానికి చుట్టం, రెండో సగం పారం చేరడానికి చుట్టం. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ముసలమ్మలు దేవుణ్ణి అడిగేదీ అదే, గట్టెక్కించు తండ్రీ అని. గట్టు అచ్చ తెలుగు, ధాతువు వేరు. అడిగేది మాత్రం అవతలి ఒడ్డే.

ఇంగ్లీషువాళ్ల సొంత మాటల్లో కూడా ఈ ధాతువు ఉంది. వాళ్ల నోట్లో ప ఫ అయిపోయింది. ఫోర్డ్ అంటే ఏట్లో నడిచి దాటేచోటు, ఆక్స్‌ఫర్డ్ అంటే ఎద్దులు దాటే రేవు. ఫెర్రీ అంటే దాటించే పడవ. ఫేర్ అంటే ఒకప్పుడు ప్రయాణం, ఇప్పుడు బస్సు చార్జీ. ఫేర్‌వెల్ అంటే క్షేమంగా వెళ్లు అని. మనం వెళ్లిరండి అంటాం, రమ్మని కూడా అంటాం, అది మన మర్యాద.

ఎడమ పక్క

ఓడకి ఎడమ పక్కని పోర్టు అని ఎందుకంటారు? ఇది చాలామంది అడిగారు. పాతకాలపు ఉత్తర యూరపు ఓడలకి చుక్కాని ఇప్పట్లా వెనక మధ్యలో ఉండేది కాదు. పెద్ద తెడ్డు ఒకటి, కుడి పక్కన కట్టేవారు, మనుషుల్లో ఎక్కువమంది కుడిచేతివాటం కాబట్టి. స్టీర్ చేసే పక్క కనక అది స్టార్‌బోర్డ్. నక్షత్రాలకీ దానికీ సంబంధం లేదు. బోర్డ్ అంటే ఓడ పక్క. మరి ఒడ్డుకి ఆనించేటప్పుడు కుడి పక్క ఆనిస్తే తెడ్డు నలిగిపోతుంది కదా. అంచేత ఎప్పుడూ ఎడమ పక్కే రేవుకి ఆనించేవారు. సరుకు ఎక్కించేదీ దించేదీ ఆ పక్కనుంచే. దాన్ని లార్‌బోర్డ్ అనేవారు.

ఇక్కడ చిక్కు వచ్చింది. మీరే గట్టిగా అనండి, స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్. తుపానులో, గాలి హోరులో, ఒకడు అరుస్తుంటే ఇంకోడికి ఏది వినపడుతుంది? చివరి సగమే. కుడి అంటే ఎడమ తిప్పితే ఓడ పోతుంది, మనుషులు పోతారు. అంచేత నావికులు రేవు పక్క అనే అర్థంలో పోర్ట్ అనడం అలవాటు చేసుకున్నారు. బ్రిటిష్ నౌకాదళం 1844లో ఇకమీదట పోర్ట్ అనే అనాలని ఆదేశం ఇచ్చింది, అమెరికా నౌకాదళం 1846లో. ఒక మాట చచ్చిపోవడానికి తేదీ ఉండటం అరుదు. లార్‌బోర్డ్‌కి ఉంది.

ఇప్పుడు మీకో పని చెప్తాను. చీకటి పడ్డాక ఆర్కే బీచిలో సముద్రం వైపు తిరిగి నిలబడండి. నడుస్తున్న ఓడకి ఎడమ పక్కన, అంటే పోర్టు పక్కన, ఎర్ర దీపం ఉంటుంది. కుడి పక్కన ఆకుపచ్చ. మీకు ఎర్ర దీపం కనిపించిందంటే ఓడ ఎడమ పక్క మీ వైపుంది, అది భీమిలి వైపు వెళ్తోందన్నమాట. ఆకుపచ్చ కనిపిస్తే హార్బర్ వైపు. ఓడ ఆకారం కూడా కనపడని చీకట్లో ఒక్క దీపం చూసి దిక్కు చెప్పొచ్చు. విమానాలకీ ఇదే లెక్క, ఎడమ రెక్కకి ఎరుపు, కుడి రెక్కకి ఆకుపచ్చ. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, నేను మా మనవరాలికి చూపించాను, ఇప్పుడు అది అందరికీ చూపిస్తోంది.

ఈ ఎడమ కుడి పక్కల మీద ఒక కట్టుకథ ఉంది, మీలో కొందరు చదివే ఉంటారు. పాష్ అంటే డాబు, దర్జా. ఇంగ్లండు నుంచి ఇండియా వచ్చే ఓడల్లో, వచ్చేటప్పుడు ఎడమ పక్క గదులకి ఎండ తక్కువ, పోయేటప్పుడు కుడి పక్కవాటికి. డబ్బున్నవాళ్లు పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్ అని టిక్కెట్టు తీసుకునేవారు, ఆ నాలుగు అక్షరాలే పాష్ అయ్యాయి అని. ఎంత బాగుంది కథ! కానీ అలాంటి అచ్చు వేసిన టిక్కెట్టు ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. వెతికినవాళ్లు తక్కువేం కాదు. ఎండ సంగతి నిజమే, మాట పుట్టుక మాత్రం అది కాదు. నేనే క్లాసులో చాలా ఏళ్లు ఈ కథ చెప్పాను. ఆ పిల్లలెవరైనా ఇక్కడుంటే దిద్దుకోండి, నన్ను క్షమించండి.

పోర్ట్ వైన్ గురించి క్లుప్తంగా. పోర్చుగల్‌లో దోరు నది సముద్రంలో కలిసేచోట పోర్తో అనే ఊరుంది. పేరుకి అర్థమే రేవు. అక్కణ్ణుంచి ఇంగ్లండు వెళ్లిన సారా కనక పోర్ట్ వైన్. ఆ ఊరి పాత పేరు పోర్టుస్ కాలె, ఆ పేరే ముదిరి దేశం మొత్తానికి పోర్చుగల్ అయింది. ఒక దేశం పేరు రేవు! వాళ్ల ఓడలే 1498లో కాలికట్ చేరాయి. మనవాళ్లు వాళ్లని బుడతకీచులు అన్నారు. అనాస, అలమర, ఇస్త్రీ, మేస్త్రీ, తువ్వాలు, ఇవన్నీ వాళ్లు మన ఇళ్లలో దించిపోయిన సరుకే. అటు అరబ్బులు నారింజని బుర్తుఖాల్ అంటారు, టర్కీవాళ్లు పోర్తకాల్ అంటారు. పోర్చుగల్‌వాళ్లు తెచ్చిన పండు అని. నారింజపండు తొక్క తీస్తే లోపల ఓడరేవు ఉంది చూశారా.

కుర్రాళ్లు అడుగుతారు, కంప్యూటర్ పోర్టు ఏ పోర్టు అని. యూఎస్‌బీ పోర్టు గుమ్మమే, పోర్టా సంతానం. నెట్‌వర్కులో కూడా పోర్టులంటే గుమ్మాలు, ఒక్కో మెషినుకి 65,536 నంబర్లు, ఏ పనికొచ్చినవాడు ఏ గుమ్మం తట్టాలో దాన్నిబట్టి. మామూలు వెబ్ పేజీకి 80, తాళం గుర్తున్న పేజీకి 443. కానీ ఫోను నంబరు పోర్ట్ చేయించాను అంటాం కదా, అది గుమ్మం కాదు, మోయడం. పాత నంబరుని మోసుకుని కొత్త కంపెనీకి వెళ్లడం. మన దేశమంతటా 2011 జనవరి 20న వచ్చింది ఆ సదుపాయం. 1900కి మెసేజ్ పెట్టేటప్పుడు మొదట టైపు చేసే మాట అదే, పోర్ట్. రెండు వేల ఏళ్ల నాటి లాటిన్ క్రియని బొటనవేలితో కొడుతున్నాం.

చాలాసేపు మాట్లాడాను, ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను.

మా నాన్న రిటైరయిన రోజు ఫేర్‌వెల్ పెట్టారు. ఆ రోజు ఇంట్లోవాళ్లని లోపలికి రానిచ్చారు. అప్పటికి నేను పెద్దవాణ్ణి, ఉద్యోగం చేస్తున్నాను, అయినా ఆ గేటు దాటడం అదే మొదటిసారి. లోపల మా నాన్న మమ్మల్ని తిప్పి చూపించాడు. ఇదిగో ఈ బెర్తులోనే మొదట పనిచేశాను, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా వంతెన చెక్క వేసేవాళ్లు, గోతం భుజాన వేసుకుని దాని మీంచి ఓడలోకి నడిచేవాళ్లం అని. చేతిలో గోతాలు లాగే ఇనప కొక్కెం ఉంది, పిడి అరిగి నున్నగా అయిపోయింది. రేవు, గుమ్మం, మోత, నేను డిక్షనరీలో నాలుగు చోట్ల వెతుక్కున్నవన్నీ ఆయన ముప్పై ఏళ్లపాటు రోజూ ఒకే పూటలో చేశాడు. ఆయనకి లాటిన్ రాదు, సంతకం వచ్చు. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర పాసు తిరిగి ఇచ్చేశాడు. కొక్కెం మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. మా ఇంట్లో ఉంది, ఇవాళ సంచిలో తెచ్చాను, బల్ల మీద పెడతాను, చూడాలనుకున్నవాళ్లు పట్టుకుని చూడండి. మొన కాస్త జాగ్రత్త.

ప్రశ్నలుంటే అడగండి. కాంప్లెక్స్‌లో బస్సు అందుకోవాల్సినవాళ్లు మొహమాటపడకండి, వెళ్లిరండి.